పసికందుల్లో తగ్గని కామెర్లు, బైలియరీ అట్రీషియా, కసాయ్ ఆపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల శస్త్రచికిత్స ఓపీలో ఏళ్ల తరబడి వినిపిస్తున్న ప్రశ్నలివి. నిన్న రాత్రి ఒక తండ్రి అడిగినదే ఈ ఉదయం వేరే జిల్లా నుంచి వచ్చిన అమ్మమ్మ అడుగుతుంది. బైలియరీ అట్రీషియా అరుదైన జబ్బు. ఐరోపా, అమెరికాల్లో సుమారు 15 వేల నుంచి 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. జపాన్, తైవాన్‌లలో అంతకన్నా ఎక్కువ. కాలేయంలో తయారైన పైత్యరసం పేగులోకి దిగే నాళాలు వాచి, గట్టిపడి, మూసుకుపోతాయి. పైత్యం లోపలే నిలిచి కాలేయాన్ని పాడు చేస్తుంది. వైద్యం అందకపోతే ఈ బిడ్డల్లో చాలామంది రెండో ఏడు దాటరు. దీనికి చేసేది కసాయ్ ఆపరేషన్: మూసుకుపోయిన నాళాలను తీసేసి పేగును నేరుగా కాలేయానికి కుడతారు, ఎంత ముందు చేస్తే అంత మేలు. ఇంత పెద్ద జబ్బు పట్టుబడేది పసిబిడ్డ గుడ్డ మీది విరేచనం రంగును చూసి. బిడ్డ ఏ దశలో ఉంటే ఆ భాగం చదవండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## అనుమానం మొదలైనప్పుడు

పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలే కదా. ఎన్నాళ్లు ఆగవచ్చు?

మామూలే. కానీ దానికో గడువుంది: నెలలు నిండి పుట్టిన బిడ్డకు రెండు వారాలు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మూడు. అప్పటికీ కళ్లు పచ్చగా ఉంటే ఒక్క రక్తపరీక్ష చేయించాలి. చీటీ మీద ‘బిలిరుబిన్’ (కళ్లను పచ్చబరిచే పదార్థం) అని మాత్రమే ఉంటే చాలదు, డైరెక్ట్ (కాలేయం మార్చి పైత్యంలోకి పంపేది), ఇండైరెక్ట్ (కాలేయం ఇంకా మార్చనిది) విడివిడిగా కావాలని అడగండి. తల్లిపాల వల్ల వచ్చే కామెర్లలో పెరిగేది ఇండైరెక్ట్. అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. డైరెక్ట్ బిలిరుబిన్ 1 మిల్లీగ్రాము దాటితే మాత్రం అది ఏ బిడ్డకైనా మామూలు కాదు. మొత్తం అంకె 18 ఉందని హడలిపోయే తల్లిదండ్రులను, 7 ఉందని ఊరట చెంది ఇంటికి వెళ్లిపోయేవారిని రోజూ చూస్తాం. ఆ 7లో 5 డైరెక్ట్ అయితే రెండోవారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు.

విరేచనం తెల్లగా ఉంటే ప్రమాదమంటారు. తెలుపు అంటే ఎంత తెలుపు?

సున్నం అంత తెల్లగా ఉండనక్కర్లేదు. అందుకే చాలామంది పోల్చుకోలేరు. పాలు తాగే బిడ్డ విరేచనం ఆవపిండి రంగులోనో, పసుపుగానో, ఒక్కోసారి ఆకుపచ్చగానో ఉంటుంది. ఇవేవీ భయపడాల్సినవి కావు. తెల్లమట్టి రంగు, బూడిద కలిసిన తెలుపు, పాలిపోయిన మీగడ రంగు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇందులో రెండు మోసాలున్నాయి. ట్యూబులైటు వెలుగులో పాలిపోయిన రంగు కూడా పసుపుగానే అనిపిస్తుంది. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. ఇక కామెర్లున్న బిడ్డ మూత్రం తగిలి విరేచనం పైపైన పచ్చబడుతుంది. పుల్లతో విడదీస్తే లోపల తెల్లగా ఉంటుంది. మూత్రం కూడా గమనించండి. పాలు మాత్రమే తాగే పసిబిడ్డ మూత్రం దాదాపు నీళ్లలా ఉంటుంది, తెల్లటి పాత పంచె గుడ్డ మీద మరక పడదు. ఆరాక పసుపు మరక మిగిలితే అది సంకేతమే. ఆ గుడ్డను ఉతికేయకుండా తెచ్చి చూపిస్తే మాకు సంతోషం. తేవడం మొహమాటమైతే పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసుకురండి.

తైవాన్ 2004లో దేశమంతటా బాలింతలకు విరేచనం రంగుల కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. జపాన్ 2012లో దాన్ని తల్లీబిడ్డల పుస్తకంలోనే చేర్చింది. తైవాన్‌లో ఆ అట్టముక్క వచ్చాక రెండు నెలల లోపే ఆపరేషన్ అందుకునే పిల్లలు పెరిగారు. మన తల్లీబిడ్డల కార్డులోనూ అలాంటి పేజీ ఒకటి ఉండాలని నా కోరిక.

బిడ్డ బొద్దుగా ఉంది, పాలు బాగా తాగుతోంది. ఇంత జబ్బు ఉంటే ఇలా ఉంటుందా?

ఉంటుంది. మొదటి నెల, నెలన్నర వరకు ఈ బిడ్డలు చక్కగా బరువు పెరుగుతారు, నవ్వుతారు, నిద్రపోతారు. పొట్ట ఉబ్బడం, కాలేయం గట్టిగా చేతికి తగలడం, బరువు ఆగిపోవడం తర్వాత వస్తాయి. వాటి కోసం ఎదురుచూస్తే ఆపరేషన్‌కు మంచి సమయం చేజారుతుంది.

ఉదయం ఎండలో పెడితే తగ్గుతుందన్నారు. పసరు వైద్యం కూడా చేయించవచ్చా?

ఎండ గానీ ఆసుపత్రి నీలి దీపం గానీ పనిచేసేది ఇండైరెక్ట్ బిలిరుబిన్ మీద. డైరెక్ట్ పెరిగిన బిడ్డను దీపం కింద పెడితే కామెర్లు తగ్గకపోగా చర్మం కంచు రంగుకు తిరగవచ్చు.

పసరు మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. ముక్కులో, కంట్లో పసరు పోయడం, పొట్ట మీద వాతలు పెట్టడం మూసుకుపోయిన నాళాన్ని తెరవలేవు. ముక్కులో పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వాత పుండై చీము పడితే ఆపరేషన్ వాయిదా వేయాల్సి వస్తుంది. ‘మా పెద్దనాన్నకు పసరుతోనే తగ్గింది’ అంటారు. పెద్దలకు వచ్చే వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది.

బాలింత, 40 రోజులు నిండకుండా ఇల్లు కదలకూడదంటున్నారు. బారసాల అయ్యాక తీసుకురావచ్చా?

వద్దు. మన ఇళ్లలో కాన్పు పుట్టింట్లో అవుతుంది, 21వ రోజు బారసాల, ఆపై పథ్యం, మంచిరోజు, ప్రయాణం. ఈ వరుసలో ఆపరేషన్‌కు విలువైన వారాలన్నీ కరిగిపోతాయి. తల్లి రాలేకపోతే బిడ్డను అమ్మమ్మతోనో నాయనమ్మతోనో పంపినా రక్తపరీక్ష జరుగుతుంది. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తారు. 14వ రోజున వచ్చినప్పుడు బిడ్డ కళ్లు, గుడ్డ చూపించి అడగండి. ఆ తర్వాత మిగిలే అవకాశం ఆరో వారం టీకా రోజు. అప్పటికీ కళ్లు పచ్చగా ఉంటే టీకా వేయించుకుని ఊరుకోవద్దు.

మాది మేనరికం. అందుకే వచ్చిందా? గ్రహణం రోజు బయటికి వెళ్లాను, అది కారణమా?

రెండూ కావు. తల్లి తిన్నదీ కారణం కాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా సాధారణంగా ఒకరికే వస్తుంది, రెండోవారు ఆరోగ్యంగా ఉంటారు. దీన్నిబట్టి ఇది తల్లిదండ్రుల నుంచి నేరుగా వచ్చే జబ్బు కాదని అర్థం. అసలు కారణం ఇంకా తేలలేదు. ఆస్ట్రేలియాలో కరవు ఏళ్లలో ఒక రకం కలుపు మొక్క మేసిన గొర్రెలకు ఇలాంటి జబ్బుతో గొర్రెపిల్లలు పుట్టాయి, ఆ మొక్కలోని విషపదార్థాన్ని శాస్త్రవేత్తలు వేరు చేశారు కూడా. మనుషుల్లో అలాంటిదేదీ రుజువు కాలేదు. మేనరికం గురించి మేం అడిగేది వేరే కారణంతో. తెల్ల విరేచనాలతోనే కనిపించే వంశపారంపర్య కాలేయ జబ్బులు కొన్ని ఉన్నాయి, అవి దగ్గరి సంబంధాల్లో ఎక్కువ. రెండో బిడ్డ గురించి భయపడే దంపతులకు చెప్పేదొకటే: ఆ బిడ్డకు బైలియరీ అట్రీషియా వచ్చే అవకాశం అందరి పిల్లలకు ఉన్నంతే.

## పరీక్షల దశలో

ఒక్క పరీక్షతో తేల్చలేరా? ఇన్నెందుకు రాస్తున్నారు?

తెల్ల విరేచనాలకు, డైరెక్ట్ కామెర్లకు కారణాలు చాలా. కాలేయ వాపు, థైరాయిడ్ లోపం, పాలలోని చక్కెర అరగని గెలాక్టోసీమియా, నాళంలో నీటితిత్తి, కాలేయంలో పైత్యనాళాలు పుట్టుకతోనే తక్కువగా ఉండే అలజీల్ సిండ్రోమ్. వీటిలో కొన్నింటికి కత్తి అక్కర్లేదు. కొన్నింటికి వెంటనే మందు మొదలుపెట్టాలి. అందుకే రక్తపరీక్షలు, స్కానింగ్, అవసరమైతే కాలేయం ముక్క పరీక్ష. రక్తంలో జీజీటీ అనే కాలేయ ఎంజైమ్ బాగా పెరిగి ఉంటే నాళాల మూత వైపు అనుమానం బలపడుతుంది. మంచి కేంద్రంలో ఇవన్నీ వారం లోపు ముగుస్తాయి. వారానికో పరీక్ష చొప్పున నెల లాగుతుంటే పెద్ద ఆసుపత్రికి పంపమని నిర్మొహమాటంగా అడగండి.

స్కానింగ్‌కు ముందు నాలుగు గంటలు పాలివ్వొద్దన్నారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, కాస్త పట్టవచ్చా?

పట్టవద్దు. పాలు తాగగానే పిత్తాశయం, అంటే పైత్యం నిల్వ ఉండే సంచి, ముడుచుకుంటుంది. అప్పుడు స్కానింగ్‌లో అది చిన్నగా కనిపించింది జబ్బు వల్లా, పాల వల్లా అన్నది తేలదు. తెల్లవారుజామున కడుపునిండా పాలిచ్చి, ఉదయం మొదటి స్కానింగ్‌కు సమయం అడగండి. పాలివ్వడం ఎప్పుడు ఆపారో ఆ సమయం కాగితం మీద రాసి స్కానింగ్ డాక్టరుకు చూపించండి.

స్కానింగ్‌లో పిత్తాశయం కనిపించింది. అంటే జబ్బు లేనట్టేనా?

కాదు. కొందరిలో పిత్తాశయం మామూలుగా కనిపిస్తూనే, పైన కాలేయం దగ్గర నాళం మూసుకుపోయి ఉంటుంది.

సీఎంవీ వైరస్ పాజిటివ్ వచ్చింది. ముందు దానికి మందు వాడి చూద్దామన్నారు. ఆగాలా?

ఇక్కడే ఎక్కువ రోజులు పోతాయి. సీఎంవీ కాలేయాన్ని వాపజేసే మాట నిజమే. కానీ సీఎంవీ పాజిటివ్ ఉన్న బిడ్డకు నాళాల మూత కూడా ఉండవచ్చు, ఒకటి తేలితే రెండోది లేనట్టు కాదు. విరేచనం తెల్లగా ఉన్నంతకాలం నాళాలు తెరిచి ఉన్నాయో లేదో తేల్చే పని ఆగకూడదు. మందు, ఆ పరీక్షలు రెండూ పక్కపక్కనే నడవాలి. ఆరు వారాలు మందు వాడి, అప్పటికీ తగ్గక మూడో నెలలో వచ్చే పిల్లలను చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఆ తల్లిదండ్రులు ఒక్కరోజు కూడా అశ్రద్ధ చేసినవారు కారు.

కాలేయం నుంచి ముక్క తీస్తామంటున్నారు. అంత చిన్న బిడ్డకు ప్రమాదం కాదా?

సూదితో తీసే ముక్క సన్నటి దారంపోగంత ఉంటుంది. భయం రక్తస్రావం గురించే. పైత్యం పేగులోకి చేరకపోతే విటమిన్-కె ఒంటబట్టదు, అది లేనిదే రక్తం గడ్డకట్టదు. అందుకే ముందు విటమిన్-కె ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం గడ్డకట్టే సమయం చూసి, ఆ తర్వాతే సూది వేస్తారు. పచ్చటి కళ్లున్న బిడ్డకు బొడ్డు దగ్గరో చిగుళ్లలోనో రక్తం కనిపించినా, టీకా వేసిన చోట రక్తం ఆగకపోయినా, ఉన్నట్టుండి మగతగా మారినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి. మెదడులో రక్తస్రావంతోనే ఈ జబ్బు మొదటిసారి బయటపడ్డ పిల్లలు ఉన్నారు.

## ఆపరేషన్ దశలో

కసాయ్ ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

ముందు నిర్ధారణ. పొట్ట తెరిచి పిత్తాశయంలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. మందు ఇటు పేగులోకి, అటు కాలేయంలోకి పారితే నాళాలు బాగున్నట్టే, అక్కడితో ఆపి కుట్టేస్తారు. పారకపోతే అసలు పని మొదలవుతుంది. ఎండిపోయిన నాళాలను, పిత్తాశయాన్ని తొలగిస్తూ కాలేయం ద్వారం దాకా వెళతారు. అక్కడ నాళాల స్థానంలో తెల్లటి నారలాంటి కణజాలం ఉంటుంది. దాన్ని కాలేయం అంచుకు సమంగా కోస్తారు. లోతు తక్కువైతే పైత్యం రాదు, ఎక్కువైతే కాలేయానికే గాయం. సర్జన్ చేతి అనుభవం తెలిసేది ఆ మిల్లీమీటర్ల దగ్గరే. ఆ కోతలో కంటికి కనిపించని సన్నటి నాళాల నోళ్లు తెరుచుకుంటాయి. చిన్నపేగును సుమారు 40 సెంటీమీటర్ల మేర పైకి తెచ్చి వాటి చుట్టూ కుడతారు. కారే పైత్యం నేరుగా పేగులోకి దిగుతుంది.

కసాయ్ అన్నది దీన్ని కనిపెట్టిన జపాన్ సర్జన్ పేరు. సెందాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో మొరియో కసాయ్ 1955లో తొలిసారి చేశారు, 1959లో జపనీస్ భాషలో ప్రచురించారు. అంతవరకు ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందిని, కలపడానికి నాళమే లేదని చెప్పి ఇంటికి పంపేసేవారు. పాశ్చాత్య దేశాల సర్జన్లు చాలాకాలం ఈ ఆపరేషన్‌ను నమ్మలేదు.

మా పాపకు 60 రోజులు దాటాయి. ఇక లాభం లేదా?

అరవై అన్నది తలుపు మూసుకునే రోజు కాదు. ముందు చేస్తే ఫలితం మెరుగు. 60 రోజుల లోపు, అనుభవమున్న చోట చేస్తే సగం నుంచి మూడింట రెండు వంతుల పిల్లల్లో పైత్యం పారుతుంది. 90 రోజులు దాటాక అవకాశం బాగా తగ్గుతుంది. 75వ రోజు వచ్చిన బిడ్డకు కాలేయం మెత్తగా ఉంటే తప్పక ప్రయత్నిస్తాం. నాలుగో నెల దాటి, కాలేయం రాయిలా గట్టిపడి, పొట్టలో నీరు చేరితే కసాయ్ కన్నా నేరుగా కాలేయ మార్పిడి గురించి మాట్లాడటమే నిజాయతీ.

ఎటూ మార్పిడి అవసరం పడవచ్చంటున్నారు. కసాయ్ మానేసి నేరుగా అదే చేయిస్తే?

సమయానికి వచ్చిన బిడ్డకు అలా చేయం. నాలుగు కిలోల బిడ్డకు కాలేయం అమర్చడం కన్నా పది కిలోల బిడ్డకు అమర్చడం భద్రం. కసాయ్ పనిచేస్తే నెలలో ఏళ్లో గడువు దొరుకుతుంది. సొంత కాలేయంతోనే 20 ఏళ్లు దాటేవారు పది మందిలో ఇద్దరు నుంచి నలుగురు ఉంటారు. చదువుకుని, పెళ్లయి, పిల్లల్ని కన్నవారూ ఉన్నారు.

ఖర్చు భరించలేం. ప్రభుత్వ పథకం వర్తిస్తుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద విచారించండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్రను కలవండి. బిడ్డ పేరు ఇంకా రేషన్ కార్డులో ఉండదు కాబట్టి జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్, కార్డు వెంట ఉంచుకోండి. కాగితాల కోసం ఊరికి వెళ్లి వారం తర్వాత వస్తామనవద్దు. బిడ్డను చేర్పించి, ఒకరు ఉండి, ఇంకొకరు వెళ్లిరండి.

## ఇంటికి వెళ్లాక

ఆపరేషన్ విజయవంతమైందని ఎప్పుడు తెలుస్తుంది?

మొదటి కబురు విరేచనం రంగే. కొందరికి రోజుల్లో, కొందరికి వారాల్లో పసుపో ఆకుపచ్చో కనిపిస్తుంది. వార్డులో ఆ రోజు తల్లులందరూ వచ్చి ఆ గుడ్డను చూసిపోతారు. కానీ గట్టిగా చెప్పేది మూడో నెల రక్తపరీక్ష. మొత్తం బిలిరుబిన్ 2 మిల్లీగ్రాముల లోపుకు దిగితే సొంత కాలేయం చాలాకాలం నిలిచే అవకాశం ఎక్కువ. ఆలోగా ఒక వారం రంగు తగ్గితే కుంగిపోవద్దు, అయితే దాన్ని తేలిగ్గానూ తీసుకోవద్దు. ఫోను చేయండి.

స్టెరాయిడ్ ఇవ్వలేదు. ఇంకో ఆసుపత్రిలో ఇచ్చారట. మాకు అన్యాయం జరిగిందా?

లేదు. అమెరికాలో 140 మంది పిల్లలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. ఆపరేషన్ తర్వాత అధిక మోతాదు స్టెరాయిడ్ ఇచ్చినవారిలో పైత్యం పారడం చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. కొందరు డాక్టర్లు తమ అనుభవాన్నిబట్టి ఇస్తారు, కొందరు ఇవ్వరు.

జ్వరం వచ్చింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సిరప్ వాడి రెండు రోజులు చూడవచ్చా?

చూడకూడదు. పేగును నేరుగా కాలేయానికి కుట్టాం కాబట్టి పేగులోని సూక్ష్మజీవులు పైకి పాకే దారి ఏర్పడింది. జ్వరం, కళ్లు మళ్లీ పచ్చబడటం, విరేచనం పాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కొలాంజైటిస్ (పైత్యనాళాల్లో ఇన్ఫెక్షన్) అనే అనుమానంతో నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ప్రతి దాడీ కాలేయంలో కొంత భాగాన్ని తినేస్తుంది. మొదటి రెండేళ్లు 100.4 డిగ్రీలు దాటిన ఏ జ్వరమైనా ఆ రోజే ఆసుపత్రికి. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ‘జ్వరం’ అని మాత్రమే చెప్పకండి, ‘కసాయ్ ఆపరేషన్ అయిన బిడ్డ’ అని చెప్పండి. డిశ్చార్జి కాగితం ఫొటో తల్లి, తండ్రి, తాత ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి.

తల్లిపాలు ఆపాలా? కొబ్బరినూనె ఎందుకు రాశారు?

ఆపవద్దు. ఈ బిడ్డలకు మామూలు పిల్లలకన్నా ఎక్కువ శక్తి కావాలి, కానీ పైత్యం చాలక కొవ్వు సరిగా అరగదు. పైత్యం సాయం లేకుండానే ఒంటబట్టే ఒక రకం కొవ్వు ఉంది, ఎంసీటీ నూనె పేరుతో సీసాల్లో దొరుకుతుంది. కొబ్బరినూనెలో కూడా అది కొంత ఉంటుంది, ఎంసీటీ కొనలేని చోట రాస్తారు. కొలత డాక్టరు చెప్పినంతే, ఎక్కువ పోస్తే విరేచనాలవుతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కామెర్లు తగ్గినా వెంటనే ఆపకూడదు. పథ్యం పేరుతో బిడ్డకు ఆరో నెల నుంచి పెట్టాల్సిన పప్పు, గుడ్డు, నెయ్యి మాన్పించవద్దు.

టీకాలు వేయించవచ్చా?

తప్పకుండా, సమయానికి. మార్పిడి తర్వాత తట్టు టీకా వంటి సజీవ టీకాలు సాధారణంగా వేయరు. అందుకే మార్పిడి దగ్గరపడుతున్న బిడ్డకు తొమ్మిదో నెల తట్టు టీకాను ఆరో నెలలోనే వేయమని డాక్టర్లు చెప్పవచ్చు.

## కాలేయ మార్పిడి దాకా వస్తే

ఇంత చిన్న పిల్లలకు కాలేయ మార్పిడి నిజంగా జరుగుతుందా?

మార్పిడి చరిత్ర మొదలైందే ఈ జబ్బుతో. 1963 మార్చిలో డెన్వర్‌లో థామస్ స్టార్‌జల్ ప్రపంచంలో తొలిసారి కాలేయ మార్పిడికి ప్రయత్నించింది బైలియరీ అట్రీషియా ఉన్న మూడేళ్ల బాబుకు. రక్తస్రావం ఆగక ఆ బాబు దక్కలేదు. మన దేశంలో 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో 20 నెలల బాబుకు తండ్రి కాలేయంలోని భాగం అమర్చారు. జబ్బు ఇదే. ఆ బాబు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. ఇప్పుడు హైదరాబాద్, చెన్నై, ఢిల్లీల్లో పసిపిల్లలకు ఈ మార్పిడి చేస్తున్నారు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల కాలేయ మార్పిడికి అన్నిటికన్నా పెద్ద కారణం కూడా ఈ జబ్బే.

ఎవరు ఇవ్వవచ్చు? మా తమ్ముడు, బిడ్డకు మేనమామ, సిద్ధంగా ఉన్నాడు.

చట్టం దృష్టిలో దగ్గరి బంధువులు తల్లి, తండ్రి, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. 18 ఏళ్లు నిండి ఉండాలి. మేనమామ మన లెక్కలో ఎంత దగ్గరివాడైనా ఆ జాబితాలో లేడు. ఆయన ఇవ్వవచ్చు గానీ అనుమతి కమిటీ ముందు హాజరై, డబ్బు ప్రమేయం లేదని తేలాలి. దానికి సమయం పడుతుంది. కాబట్టి ముందు తల్లిదండ్రుల రక్తం గ్రూపు, కాలేయంలో కొవ్వు పరీక్ష చేయిస్తాం. పసిబిడ్డకు కావాల్సింది ఎడమ వైపు చిన్న భాగం, దాత కాలేయంలో దాదాపు నాలుగో వంతు. మిగిలినది కొద్ది నెలల్లో తిరిగి పెరుగుతుంది. చనిపోయినవారి అవయవాలను అవసరమైనవారికి కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో కూడా పేరు నమోదు చేయించవచ్చు, అయితే పసిబిడ్డకు సరిపడే అవయవం దొరకడం అరుదు.

నేనే ఇస్తాను. మరి నా బిడ్డను ఆ రోజుల్లో ఎవరు చూసుకుంటారు?

చాలామంది తల్లులు ఈ ప్రశ్నను ఆఖరున, గొంతు తగ్గించి అడుగుతారు. తల్లి ఒక వార్డులో, బిడ్డ ఐసీయూలో, తండ్రి ఆ రెండింటి మధ్య, బిల్లుల దగ్గర, మందుల దుకాణం దగ్గర ఉంటారు. కాబట్టి బిడ్డకు అలవాటైన ఒక పెద్దమనిషి, అమ్మమ్మో నాయనమ్మో మేనత్తో, ముందు నుంచే బిడ్డతో ఉండాలి. ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే ఆమె చేతి మీదుగా బిడ్డకు పాలు, మందులు పట్టించడం అలవాటు చేయండి. తల్లిపాలు తాగే బిడ్డైతే సీసాకో గిన్నె, చెంచాకో మార్చడం కూడా ఆ రెండు వారాల్లోనే జరగాలి. దాత సాధారణంగా వారం, పది రోజుల్లో ఇంటికి వెళతారు. బిడ్డను ఎత్తుకోవడం మాత్రం కోత మానేదాకా, డాక్టరు సరేననేదాకా ఆగాలి. పక్కన కూర్చుని ఒళ్లో పెట్టించుకోవడానికి అడ్డేమీ లేదు.